ఇంటి గుట్టు పదిమందిలో పెట్టుకోవాలా?

పోయిన నెల పిల్లల మొండితనం గురించి రాస్తూ, విజయవాడలో మేం కొందరు తల్లిదండ్రులం నెలకోసారి కూర్చుని మాట్లాడుకుంటామని ఒక్క వాక్యం రాశాను. ఆ ఒక్క వాక్యానికి వచ్చినన్ని ఉత్తరాలు మిగతా వ్యాసం మొత్తానికి రాలేదు. వాటిలో కొన్నింటికి ఈసారి జవాబులు. కొత్తగా చదువుతున్నవాళ్ళ కోసం మళ్ళీ చెబుతున్నాను. నేను డాక్టర్ని కాను, సైకాలజిస్టునీ కాను. పోస్టాఫీసు కౌంటర్‌లో కూర్చునే ఉద్యోగిని. మావాడికి ఏడేళ్ళప్పుడు ఏడీహెచ్‌డీ అన్నారు, అంటే కుదురుగా ఉండలేకపోవడం, దేనిమీదా ధ్యాస నిలవకపోవడం. పదహారేళ్ళు వచ్చాక దానికి డిప్రెషన్ తోడైంది. నాకు తెలిసిందంతా వాడి వెనకాల తిరిగి తెలుసుకున్నదే.

*

"మా బాబుకి ఎనిమిదేళ్ళు. ఏడీహెచ్‌డీ అని మందు మొదలుపెట్టారు. స్కూల్ నుంచి రోజూ ఫిర్యాదులు. వచ్చే ఏడాది వేరే స్కూల్ చూసుకోండి, టీసీ ఇచ్చేస్తాం అంటున్నారు. నా పెంపకమే బాగోలేదని మా అత్తగారు అంటారు. మా ఆయన ఏమీ అనరు, అదే ఇంకా బాధ. తల్లుల గ్రూప్‌లో చేరమని కౌన్సిలర్ మేడం చెప్పారు. ఇంటి గుట్టు పదిమందిలో పెట్టుకుంటే ఏమొస్తుంది? వాళ్ళేమైనా బాగు చేస్తారా?"
ఓ అమ్మ, నరసరావుపేట

అమ్మా, బాగు చేయరు. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. మీరు గ్రూప్‌కి వెళ్ళొచ్చారని మీ బాబు మర్నాడు బుద్ధిగా కూర్చుని ఎక్కాలు రాయడు.

గుట్టు సంగతి. నేనూ మీలాగే అనుకుని ఏడాదిపాటు వెళ్ళలేదు. వెళ్ళిన మొదటి రోజు కూడా గుమ్మం పక్క కుర్చీ చూసుకుని కూర్చున్నాను, తెలిసినవాళ్ళు కనిపిస్తే లేచి వెళ్ళిపోవచ్చని. కనిపించారు. ప్రతి నెలా మా ఆఫీసుకి ఆర్డీ కట్టడానికి వచ్చే ఆవిడ. రెండేళ్ళుగా నాకు పాస్‌బుక్ అందిస్తున్న మనిషి. వాళ్ళమ్మాయికి ఓసీడీ అట, చేతులు కడిగి కడిగి చర్మం ఊడిపోయేదట. ఆవిడ నన్ను చూసి నాకంటే ఎక్కువ కంగారు పడింది. నా గుట్టు ఆవిడ దగ్గర, ఆవిడ గుట్టు నా దగ్గర. ఇక భయపడటానికి ఏముంది?

రెండు నెలలు నోరు విప్పలేదు. మూడో నెల చెప్పాను. అంతకుముందు వారం మావాడిని అట్లకాడతో కొట్టాను. మోచేతి దగ్గర వాత తేలింది. మర్నాడు ఏప్రిల్ ఎండలో ఫుల్ హ్యాండ్స్ చొక్కా తొడిగి స్కూల్‌కి పంపాను. "ఇంట్లో ఎలా ఉంటున్నాడమ్మా" అని డాక్టర్ అడిగితే "ఫర్వాలేదండీ" అన్నదాన్ని, అక్కడ తొమ్మిది మంది ముందు ఆ చొక్కా సంగతి చెప్పాను. ఎవరూ అయ్యో అనలేదు. తప్పు కదా అని కూడా అనలేదు. తెనాలి నుంచి వచ్చే ఒక పెద్దావిడ మాత్రం "అప్పుడు టైమెంత?" అని అడిగింది. రాత్రి తొమ్మిదిన్నర అన్నాను. "అప్పటికి నువ్వు అన్నం తిన్నావా?" అంది.

తినలేదు. ఆఫీసు నుంచి ఆరున్నరకి వచ్చి, వంట చేసి, వాడి ముందు హోంవర్క్ పట్టుకుని కూర్చున్నాను. మధ్యాహ్నం తిన్న పెరుగన్నమే. ఆ ప్రశ్న నన్ను అప్పటిదాకా ఎవరూ అడగలేదు, మా అమ్మతో సహా. ఆ వారం నుంచి మా ఇంట్లో ముందు భోజనాలు, తర్వాత పుస్తకాలు. సగం హోంవర్క్ వదిలేస్తున్నామని టీచర్‌కి చెప్పేశాను. తర్వాత నేనేమీ దేవతనైపోలేదు. ఇంకో రెండుసార్లు చెయ్యి చేసుకున్నాను. రెండుసార్లూ మర్నాడు ఆ తెనాలి ఆవిడకి ఫోన్ చేసి చెప్పాను. రేపు ఒకరికి చెప్పాలి అని గుర్తొస్తే చెయ్యి కొంచెం ఆగుతుంది.

ఇంకో ఉపయోగం చెబుతాను. వాడు అరిచి గోల చేసినప్పుడు పట్టించుకోవద్దని, సరిగ్గా ఉన్నప్పుడు వెంటనే మెచ్చుకోమని కౌన్సిలర్ నేర్పించింది. మంచి సలహానే. మూడు రోజులు చేశాను. గోల తగ్గకపోగా రెండింతలైంది. ఇదంతా పుస్తకాల గొడవ అని వదిలేశాను. గ్రూప్‌లో ఒకాయన, లారీ ఆఫీసులో గుమాస్తా, నవ్వాడు. "మూడు రోజులేనా మేడం? మావాడు పన్నెండు రోజులు చంపుకు తిన్నాడు, పదమూడో రోజు దిగొచ్చాడు" అన్నాడు. ఇన్నాళ్ళూ ఏడిస్తే దొరికింది ఇప్పుడు దొరకడం లేదంటే పిల్లాడు ముందు ఇంకా గట్టిగా ఏడ్చి చూస్తాడు. తగ్గేముందు పెరగడం మామూలేనట. కౌన్సిలర్ ఆ మాట చెప్పే ఉంటుంది, నాకు ఎక్కలేదు. పన్నెండు రోజులు భరించినవాడు చెబితే ఎక్కింది. మాకు తొమ్మిది రోజులు పట్టింది.

మీ అత్తగారి విషయం. ఆవిడ ఒక్కరే కాదు, ఆ మాట చాలా పెద్దవాళ్ళే అన్నారు. 1950లు, 60లలో అమెరికాలో పేరున్న డాక్టర్లే, తల్లికి ప్రేమ లేకపోవడం వల్ల పిల్లలకి ఆటిజం (మాట్లాడటం, నలుగురితో కలవడం కష్టమయ్యే ఎదుగుదల తేడా) వస్తుందని నమ్మారు. అలాంటి తల్లులకి 'ఫ్రిజ్ తల్లులు' అని పేరు కూడా పెట్టారు. బెర్నార్డ్ రిమ్లాండ్ అనే సైకాలజిస్టుకి ఆటిజం ఉన్న కొడుకు ఉన్నాడు. తన భార్యని ఇంట్లో రోజూ చూస్తున్నవాడు ఆ మాట ఎలా ఒప్పుకుంటాడు? అది మెదడుకి సంబంధించిన విషయమని వాదిస్తూ 1964లో పుస్తకం రాశాడు. మరుసటి ఏడాది ఇతర తల్లిదండ్రులతో కలిసి సంఘం పెట్టాడు. మన దేశంలో 1991లో యాక్షన్ ఫర్ ఆటిజం అనే సంస్థ మొదలుపెట్టిన మెరీ బారువా కూడా ఓ తల్లే. ఏడీహెచ్‌డీ మాటకొస్తే అది పెంపకం వల్ల వచ్చేది కాదు. వంశపారంపర్యంగా వచ్చే అవకాశం చాలా ఎక్కువ. మంచి మూడ్‌లో ఉన్నప్పుడు మీ అత్తగారిని, మీ ఆయన చిన్నప్పుడు ఎలా ఉండేవారో అడిగి చూడండి. మా అత్తగారు "వాడా, అన్నానికి పిలిస్తే చింతచెట్టు మీంచి పలికేవాడు" అని మురిసిపోతూ చెప్పి, చెప్పాక ఆగిపోయారు.

టీసీ విషయంలో భయపడకండి. విద్యాహక్కు చట్టం, 2009లో వచ్చింది, 16వ సెక్షన్. ఎలిమెంటరీ విద్య, అంటే ఎనిమిదో తరగతి, పూర్తయ్యేదాకా ఏ పిల్లవాడినీ స్కూల్ నుంచి తీసేయకూడదు. ప్రైవేటు స్కూలైనా సరే. (మైనారిటీ విద్యాసంస్థలకి, ఎయిడ్ ఉన్నా లేకపోయినా, ఆ చట్టం వర్తించదు.) అందుకే వాళ్ళు తీసేస్తున్నాం అనరు, మీరే తీసుకెళ్ళండి అంటారు. మీరు అడగనంతవరకు అది టీసీ కాదు. ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి. వాళ్ళు చెప్పదలుచుకున్నది రాసి ఇమ్మనండి. రాసి ఇమ్మంటే చాలామంది స్వరం మారుతుంది, మా స్కూల్‌లో మారింది.

మీ ఆయన మౌనం గురించి నేనేం చెప్పను? ఒకసారి ఆయన్ని వెంట తీసుకెళ్ళండి. లోపలికి రాకపోతే బండి దగ్గర నిలబడమనండి. మావారు నాలుగు నెలలు బండి దగ్గరే నిలబడ్డారు. అక్కడే ఇంకో ఇద్దరు భర్తలు నిలబడేవారు.

*

"మా పాపకి అయిదేళ్ళు, ఆటిజం. నా భార్య ఓ వాట్సాప్ గ్రూప్‌లో ఉంది. రోజుకి రెండు మూడు వందల మెసేజ్‌లు. ఒంటె పాలు అంటారు, స్టెమ్ సెల్ అంటారు. స్టెమ్ సెల్ చేయిస్తే మాటలొస్తాయని మూడు లక్షలు అప్పు తెమ్మంటోంది. గ్రూప్ నుంచి బయటికి రమ్మంటే నా మీద కోపం. ఇలాంటి గ్రూపుల వల్ల మేలా, కీడా?"
ఓ నాన్న, కరీంనగర్

అప్పు తేకండి. దేశంలో వైద్య పరిశోధనల్ని చూసే ప్రభుత్వ సంస్థ ఐసీఎంఆర్ 2017లో ఇచ్చిన స్టెమ్ సెల్ (మూలకణాల) మార్గదర్శకాల ప్రకారం, కొన్ని రక్త సంబంధ జబ్బులకి చేసే మూలకణాల మార్పిడి తప్ప మిగతావేవీ నిరూపితమైన చికిత్సలు కావు. అనుమతి ఉన్న పరిశోధనలో భాగంగానే చేయాలి. పరిశోధన అయితే మీ దగ్గర డబ్బు తీసుకోకూడదు. మూడు లక్షలు అడుగుతున్నారంటే అదేమిటో మీరే ఆలోచించండి. ఒంటె పాల వల్ల మీ జేబుకే నష్టం. కానీ ఒంట్లోని లోహాలు తీసేస్తామని కీలేషన్ అనేది ఒకటి తిరుగుతుంటుంది. దాని జోలికి మాత్రం పోకండి, దానివల్ల ప్రాణాలు పోయిన పిల్లలున్నారు.

మా గ్రూప్‌లో మందుల పేర్లు, డోసులు మాట్లాడకూడదని గట్టి నియమం. డాక్టర్ పేరు అడిగితే చెబుతాం, మందు అడిగితే చెప్పం. ఆ నియమం లేని గ్రూప్ ఎంత పెద్దదైతే అంత ప్రమాదం. రెండు వందల మందిలో ఒకరికి కాస్త మార్పు కనిపించినా, అది మందు వల్లో, పిల్లాడు ఏడాది పెద్దవాడైనందువల్లో ఎవరికీ తెలియదు. బాగుపడినవాళ్ళే మెసేజ్ పెడతారు. మూడు లక్షలు పోయినవాళ్ళు చప్పుడు చేయకుండా గ్రూప్ వదిలి వెళ్ళిపోతారు.

అయినా మీ ఆవిడని గ్రూప్ మానేయమని నేననను. ఆవిడ ఆ మెసేజ్‌లు ఏ టైములో చూస్తోంది? రాత్రి పాప పడుకున్నాక అయి ఉంటుంది. ఆ టైములో ఆవిడతో ఇంకెవరూ మాట్లాడటం లేదన్నమాట. ముందు ఆ పని మీరు చేయండి. తర్వాత ఆ గ్రూప్‌లో మీ కరీంనగర్ వాళ్ళు ఎవరున్నారో చూడమనండి. నలుగురైనా ఉంటారు. వాళ్ళని ఓ ఆదివారం పార్కులో పిల్లలతో సహా కలవండి. ఎదురుగా కూర్చుని మాట్లాడేటప్పుడు మనుషులు అంత తేలిగ్గా అద్భుతాలు చెప్పరు. ఒక్క మాట, పాప గోల చేస్తున్నప్పుడు తీసిన వీడియోలు గ్రూప్‌లో పెట్టొద్దని చెప్పండి. రేపు ఆ పాపకి పదిహేనేళ్ళు వస్తాయి.

ఇక ఆ నలుగురి దగ్గర దొరికే అసలు సమాచారం ఇలా ఉంటుంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో ఉన్న 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి. వైకల్య సర్టిఫికెట్ తీసుకోండి, ఇదివరకు సదరం అనేవాళ్ళు, ఇప్పుడు యూడీఐడీ కార్డు. ఆటిజాన్ని అంచనా వేయడానికి ఇసా అనే మన దేశపు స్కేలు వాడతారు. దాన్ని తయారుచేసింది సికింద్రాబాద్ బోయిన్‌పల్లిలో మేధోవైకల్యం ఉన్నవారి కోసం ఉన్న జాతీయ సంస్థే, ఇప్పుడు నీపిడ్ అంటున్నారు, పాతవాళ్ళు ఇంకా ఎన్ఐఎంహెచ్ అనే అంటారు. 1984 నుంచి ఉంది. ఒకసారి పాపని అక్కడికి తీసుకెళ్ళండి. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వాళ్ళ నిరామయ బీమా లక్ష రూపాయల దాకా ఉంటుంది, థెరపీ ఖర్చులకి కూడా వాడుకోవచ్చు. మీ మండలంలో ఇలాంటి పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రం ఉందేమో ఎంఈఓ ఆఫీసులో అడగండి. మీకు ఆదాయపు పన్ను పడుతుంటే, పాత పద్ధతిలో కట్టేవాళ్ళకి దివ్యాంగురాలైన పాప ఖర్చుల కింద 75,000, వైకల్యం 80 శాతం గానీ అంతకు మించి గానీ ఉంటే 1,25,000 మినహాయింపు ఉంది. ఇవన్నీ నాకు చెప్పింది ఏ ఆఫీసరూ కాదు. మా గ్రూప్‌లో ఆటిజం ఉన్న పిల్లల అమ్మలు. ఏ కాగితానికి ఎన్ని జిరాక్సులు కావాలో కూడా వాళ్ళకి తెలుసు.

*

"రిటైర్డ్ టీచర్ని. మనవరాలు పదో తరగతి, మా దగ్గరే ఉంటుంది. కొడుకు, కోడలు ఖతర్‌లో ఉంటారు. ఈ మధ్య ముంజేతి మీద బ్లేడు గీతలు చూశాను. అడిగితే పిల్లి గీరిందంది. మా ఇంట్లో పిల్లి లేదు. పరీక్షలయ్యేదాకా కొడుక్కి చెప్పకూడదనుకుంటున్నాం. తాతా బామ్మలకి కూడా గ్రూపులుంటాయా?"
తణుకు దగ్గర ఓ తాతయ్య

మాస్టారూ, ఉంటాయి, మిమ్మల్ని ఎవరూ వద్దనరు. కానీ మీ విషయంలో గ్రూప్ తర్వాత. ఈ పత్రిక పక్కన పెట్టి 14416కి ఫోన్ చేయండి. టెలి మానస్, మనసు బాగోలేనివాళ్ళకి సాయం చేసే ప్రభుత్వ ఫోన్ సేవ, 2022 అక్టోబర్‌లో మొదలైంది. డబ్బులు పడవు, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు. ఏం చేయాలో వాళ్ళు చెబుతారు. ఈ వారంలోనే సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకెళ్ళండి. పరీక్షలదాకా ఆగకండి.

అమ్మాయి మీద కేకలు వేయకండి, ఒట్లు వేయించుకోకండి. పక్కన కూర్చుని "చచ్చిపోవాలని అనిపిస్తోందా తల్లీ" అని నేరుగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందని మనకి భయం, అలా జరగదు. అవునంటే ఆ పిల్లని ఒంటరిగా వదలకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్ళండి. మీకు పొలం ఉంటే ఇంట్లో పురుగుమందు, గడ్డిమందు డబ్బాలుంటాయి. ఈరోజే ఇంట్లోంచి తీయించేయండి. మీ బీపీ, షుగర్ మాత్రలు కూడా తాళంలో పెట్టండి. పోలీసు కేసవుతుందని ఎవరైనా భయపెడితే వినకండి. 2017 మానసిక ఆరోగ్య చట్టం వచ్చాక ఆత్మహత్యకి ప్రయత్నించిన మనిషిని నేరస్థుడిగా కాక, తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవాడిగా చూడాలనే ఉంది.

కొడుక్కి ఈ రాత్రే చెప్పండి. మావాడికి డిప్రెషన్ వచ్చిన సంగతి మూడు నెలలు దాచి మా అన్నయ్యకి తర్వాత చెప్పాను. "మూడు నెలలు నన్ను పరాయివాడిని చేశావు" అన్నాడు. మీ అబ్బాయికి ఆ మాట అనే అవకాశం ఇవ్వకండి. తర్వాత నాకు మళ్ళీ రాయండి.

*

"మా ఊళ్ళో ఇలాంటి గ్రూప్ లేదు. నేనే మొదలుపెడదామనుకుంటున్నా. హాలు, మైకు, ముఖ్య అతిథి, వీటికి ఎంతవుతుంది?"
మదనపల్లె నుంచి ఓ గృహిణి

మైకు వద్దమ్మా, ముఖ్య అతిథి అసలే వద్దు. ఒకసారి మేం ఒక పెద్దమనిషిని పిలిచాం. గంటన్నరలో గంటా పది నిమిషాలు ఆయనే మాట్లాడారు. మిగిలిన ఇరవై నిమిషాలు శాలువాకి సరిపోయాయి.

మీకు కావలసింది పది కుర్చీలు పట్టే గది. ట్యూషన్ సెంటర్, బడి, భవిత కేంద్రం, ఏదైనా సరే. ఎవరింట్లోనూ మాత్రం పెట్టకండి. మొదటి నెల కాఫీ ఇస్తారు, రెండో నెల ఉప్మా, మూడో నెలకి ఆవడల దాకా వెళుతుంది. నాలుగో నెల తన వంతు వస్తుందని భయపడి ఒకావిడ మానేస్తుంది. మాకు ఆటో డబ్బులు, ఫ్లాస్కులో టీ, పిల్లల్ని చూసేవాళ్ళకి ఇచ్చేది తప్ప ఖర్చు లేదు. చందాలు వసూలు చేయకండి, డబ్బు వచ్చిన చోట అధ్యక్షుడు కూడా వస్తాడు.

అన్నిటికంటే ముఖ్యం, పక్క గదిలో పిల్లల్ని చూసే మనిషి. ఇది లేకే మా గ్రూప్ మొదటి ఏడాది దాదాపు మూతపడింది. ఇలాంటి పిల్లల్ని ఎవరి దగ్గరా వదల్లేకే కదా తల్లులు ఇంట్లో ఉండిపోయేది? డిగ్రీ చదివే ఇద్దరమ్మాయిలు దొరికారు, అప్పటినుంచి నడుస్తోంది. ఇద్దరికీ కలిపి నెలకి ఆరు వందలు ఇస్తాం, ఇష్టమున్నవాళ్ళు వేసుకుంటాం.

నెలలో రెండో ఆదివారం అని పెట్టుకుంటే అదే రోజు ఉండాలి. పండగొచ్చినా, ఒక్కరే వచ్చినా. ఇక్కడ విన్నది బయట అనకూడదు, అడగనిదే సలహా ఇవ్వకూడదు. ఈ రెండో దానికే మావాళ్ళకి ప్రాణం మీదికొస్తుంది, ఎంతైనా తెలుగువాళ్ళం కదా. ఒకరు అదేపనిగా మాట్లాడుతుంటే ఏం చేయాలని అడుగుతారు తర్వాత. మేం చేతిలో చిన్న గడియారం పెడతాం. ఏడు నిమిషాలు. ఏడ్చేవాళ్ళకి మాత్రం గడియారం ఆపేస్తాం.

కొన్నాళ్ళు నిలబడ్డాక పెద్ద సంఘాలతో కలవొచ్చు. మేధోవైకల్యం, ఆటిజం లాంటివి ఉన్నవారి తల్లిదండ్రుల సంఘాలకి పరివార్ అని జాతీయ సమాఖ్య ఉంది, 1995 నుంచి. ఇప్పుడే ఆ తొందర వద్దు. మా గ్రూప్ మొదలైన నెల, నేనింకా చేరకముందు, ముగ్గురొచ్చారట. అందులో ఒకాయన కరెంటు బిల్లుల కౌంటర్ అనుకుని వచ్చాడు. టీ తాగి, మా అన్నయ్య కూతురికి కూడా ఇలాగే ఉందండీ అని, మరుసటి నెల వాళ్ళ వదినగారిని తీసుకొచ్చాడు.

*

"మీ అబ్బాయి ఇప్పుడేం చేస్తున్నాడు? ఎప్పుడూ చిన్నప్పటి సంగతులే రాస్తారు."
ఓ పాఠకురాలు, ఖమ్మం

వాడిని అడిగాను, రాయొచ్చా అని. "రెండు లైన్లు రాసుకో, మూడోది వద్దు" అన్నాడు. ఇరవై ఏళ్ళు, ఏసీ మెకానిక్ కోర్సు పూర్తిచేసి ఓ షాపులో పనికి వెళుతున్నాడు. రాత్రి మాత్ర తనే గుర్తుపెట్టుకుని వేసుకుంటున్నాడు, మర్చిపోయిన రోజు పొద్దున్నే నాకు చెబుతున్నాడు.